'గుడ్ టైమ్స్' బాస్ లైను మన ఆర్కెస్ట్రా సెట్టప్‌లో నడవాలంటే ఏం చేయాలి? దానికి ఇన్నేళ్ళ పేరు ఏంటికి?

అనంత_రిథమ్ (అనంతపురం)

అందరికీ నమస్తే. ఇంజనీరింగ్ కాలేజీ ఫెస్ట్‌లో మా ఆర్కెస్ట్రాకు స్లాట్ ఉంది. షిక్ బ్యాండు 1979 పాట 'గుడ్ టైమ్స్' కావాలని పిల్లోళ్ళు అడిగినారు. మధ్యలో పాట ఖాళీ అయ్యే చోట ఇద్దరు కుర్రోళ్ళు తెలుగు ర్యాప్ చెప్తారంట. మా దగ్గర ఉండేది రెండు కీబోర్డులు, ఒక ఎలక్ట్రిక్ గిటార్, ఆక్టాప్యాడ్ (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్), ఢోలక్, ఇద్దరు గాయనులు. బాస్ గిటార్ లేదు, బాస్ కీబోర్డులోనే కొట్టాల.

స్వరాలు సరిగానే పడుతున్నాయి, స్పీడూ సరిపోతోంది, కానీ పాట నడవడం లేదు. బరువుగా, అడుగడుక్కీ ఆగినట్టు ఉంది. ఎక్కడ తప్పుతోంది? ఇంకోటి, నాలుగు ముక్కల బాస్ లైను గురించి నలభై ఏళ్ళ తర్వాత కూడా ఇంత చెప్పుకోవడం ఏంటికి? అది అర్థమైతే వాయించడం కూడా తేలికైతుందని అడుగుతున్నా.

---

బురుజు_బాస్ (కర్నూలు)

తమ్ముడూ, నీ రెండో ప్రశ్నలోనే మొదటి ప్రశ్నకు జవాబుంది. అందుకే ముందు అది చెప్తా.

షిక్ బ్యాండులో నైల్ రాడ్జర్స్ గిటార్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ బాస్, టోనీ థాంప్సన్ డ్రమ్స్. పాట రాసింది మొదటి ఇద్దరు. న్యూయార్క్ పవర్ స్టేషన్ స్టూడియోలో రికార్డయింది, 'రిస్కే' ఆల్బంలో మొదటి పాట. 1979 జూలై 12న షికాగోలో బేస్‌బాల్ గ్రౌండులో డిస్కో రికార్డుల కుప్ప పేల్చేసినారు. అమెరికాలో డిస్కో మీద అంత కోపం ఉన్న రోజులవి. ఐదు వారాలు తిరిగేసరికి, ఆగస్టు 18న, ఈ పాట బిల్‌బోర్డు హాట్ 100లో ఒకటో స్థానానికి వచ్చింది. అక్కడ ఉన్నది ఒక్క వారమే. ఆ తర్వాత షిక్ బ్యాండుకు అంత పెద్ద హిట్ మళ్ళీ రాలేదు. డిస్కో అనే పేరే రేడియోకు బరువైపోయింది.

కానీ బాస్ లైను అప్పటికే బయటికి పోయింది. అదే సెప్టెంబరులో షుగర్‌హిల్ గ్యాంగ్ 'రాపర్స్ డిలైట్' వచ్చింది. శాంప్లర్ (పాత రికార్డులోంచి ముక్క కోసి వాడుకునే యంత్రం) వాడే కాలం కాదది. అందుకని స్టూడియోలో ఒక బ్యాండును కూర్చోబెట్టి, 'గుడ్ టైమ్స్' బ్రేకునే (మధ్యలో పాట ఖాళీ అయ్యే ఆ భాగాన్నే) దాదాపు పావుగంట ఆపకుండా వాయించమన్నారు. దాని మీద ముగ్గురు ర్యాప్ చెప్పినారు. హాట్ 100 మొదటి నలభైలోకి వచ్చిన తొలి ర్యాప్ రికార్డు అది, 36 దాకా పోయింది. మరుసటేడు క్వీన్ బ్యాండు బాసిస్టు జాన్ డీకన్ 'అనదర్ వన్ బైట్స్ ద డస్ట్' రాసినాడు. మొదట్లో షడ్జమం మీద అవే మూడు దెబ్బలు, దాదాపు అదే స్పీడు. 1980 అక్టోబరులో అదీ అమెరికాలో ఒకటో స్థానం. 1981లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ టర్న్‌టేబుల్ మీద చేసిన ఏడు నిమిషాల రికార్డులో 'గుడ్ టైమ్స్', క్వీన్ పాట, బ్లాండీ వాళ్ళ 'రాప్చర్' మూడూ ఒకదాంట్లోంచి ఒకటి వస్తాయి. ఒకే స్పీడు చుట్టుపక్కల ఉండే పాటలు కాబట్టి అతుకు తెలియదు. డీజే చేయి కూడా ఒక వాయిద్యమే అని ఆ రికార్డుతో తేలిపోయింది.

అంటే రెండేళ్ళలో ఒకే బ్రేకు ర్యాప్‌కు నేల అయ్యింది, రాక్ బ్యాండుకు హిట్ ఇచ్చింది, డీజేకు పాఠం అయ్యింది. కారణం నేను గట్టిగా చెప్తా: అందులో ఖాళీ ఉంది. మొదటి బార్‌లో (బార్ అంటే నాలుగు బీట్లు) ఒకటో బీట్ మీద ఒకటి, రెండు మీద ఒకటి, మూడు మీద ఒకటి, స స స. తర్వాత కాస్త ఊపిరి. అక్కడి నుంచి పదహారో వంతు స్వరాలతో తూలుతూ నడిచి రెండో బార్‌లో మధ్యమానికి పోయి, మళ్ళీ షడ్జమానికి చేరుతుంది. ఆ ఖాళీలో ఎవరు వచ్చి కూర్చున్నా, మాట గానీ గిటార్ గానీ రికార్డు గీరుడు గానీ, చోటు దొరుకుతుంది. మీ పాట ఎక్కడ బరువెక్కుతోందో దీన్నిబట్టి ఊహించగలను. ఆ ఖాళీలో మీవాళ్ళు నలుగురూ ఏదో ఒకటి వాయిస్తున్నారు. రిహార్సల్ రికార్డింగు విని, మూడో దెబ్బ తర్వాత ఏమేమి మోగుతున్నాయో రాసి ఇక్కడ పెట్టు.

---

కడప_కట్టలు (కడప)

కీబోర్డు బాస్ సంగతి నేను చెప్తా. తప్పులు ఎక్కువ ఇక్కడే జరుగుతాయి.

పాట శ్రుతి ఈ-నోట్, అంటే మన లెక్కలో మూడు శ్రుతి. దాన్ని షడ్జమంగా పెట్టుకుంటే పాటంతా ఖరహరప్రియ స్వరాల్లో సర్దుకుంటుంది. సాధారణ గాంధారం, చతుశ్రుతి దైవతం, కైశిక నిషాదం. కార్డులు రెండే రెండు, ఒక్కో బార్ ఒక్కోటి. మొదటిది ఈ-మైనర్ సెవెన్: స గ ప ని. రెండోది ఏ-సెవెన్: మ ద స గ. 'మైనర్ పాట' అనుకుని అలవాటు మీద శుద్ధ దైవతం పట్టుకుంటే నఠభైరవి అయిపోతుంది, రెండో బార్‌లో వెలుగు ఆరిపోతుంది. మీ రెండో కీబోర్డు ప్యాడ్ టోనులోనో స్ట్రింగ్స్‌లోనో ఆ తప్పు ఉందేమో ముందు చూడండి. బాస్ సరిగా ఉన్నా అది ఒక్కటే పాటను ముంచుతుంది.

కార్డు మారేటప్పుడు చేయి ఎత్తొద్దు. స, గ రెండూ రెండు కార్డుల్లోనూ ఉన్నాయి, వాటిని అట్లే ఉంచి పంచమాన్ని మధ్యమానికి, నిషాదాన్ని దైవతానికి దించితే చాలు. రెండు వేళ్ళే కదలాల.

ఇక బాస్. బాస్ గిటార్ కింది తీగ ఖాళీగా మీటితే 41 హెర్ట్జ్ వస్తుంది. 61 కీల కీబోర్డులో మామూలు సెట్టింగులో ఆ స్వరం ఉండదు, ఒక ఆక్టేవ్ కిందికి దించాల. కానీ కొన్ని బాస్ టోన్లు కంపెనీవాళ్ళే ముందుగా దించి పెట్టి ఉంటారు. మీరు మళ్ళీ దించితే గురగుర తప్ప స్వరం వినపడదు. ఫోనులో ట్యూనర్ ఆప్ పెట్టి షడ్జమం నొక్కి చూడండి, 41 చూపిస్తే సరిగ్గా ఉన్నట్టు.

టోను 'ఫింగర్ బాస్' తీసుకోండి. స్లాప్ బాస్ వద్దు, సింథ్ బాస్ అసలే వద్దు. ఎడ్వర్డ్స్ వాయించింది మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే, వేళ్ళతో. ధ్వని గుండ్రంగా ఉంటుంది, మొదలు మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. రివర్బ్ సున్నా, కోరస్ సున్నా, పోర్టమెంటో ఆఫ్. సస్టెయిన్ పెడల్ ఆ చేతి కిందికి రాకుండా చూసుకోండి. రిలీజ్ వీలైనంత తగ్గించండి.

అన్నిటికన్నా పెద్ద విషయం స్వరం పొడుగు. 111 స్పీడు (నిమిషానికి 111 బీట్లు) దగ్గర ఒక బీట్ 540 మిల్లీసెకన్లు, దాంట్లో నాలుగో వంతు, అంటే బార్‌లో పదహారో వంతు, 135. మీరు బరువు అంటున్నది, నా అంచనాలో, ప్రతి స్వరాన్నీ వచ్చే స్వరం దాకా నొక్కిపట్టడం వల్ల వస్తోంది. మొదటి మూడు 'స'లు ఒక్కోటి 300 నుంచి 350 మిల్లీసెకన్లు పలికి ఆగాల. నొక్కడం ఎంత ముఖ్యమో వదలడం అంతే ముఖ్యం. మూడు దెబ్బలూ ఒకే బలంతో ఉంటే యంత్రం వాయించినట్టుంటుంది. మొదటిది గట్టిగా, రెండోది కొంచెం తగ్గించి, మూడోది మధ్యస్థంగా వేయండి.

నడక స్వరాలను కాగితం మీద చూసి నేర్చుకోవద్దు. ఆల్బం వెర్షన్ ఎనిమిది నిమిషాలు ఉంటుంది, మధ్యలో అన్నీ తప్పుకుని బాస్, డ్రమ్స్, చప్పట్లు మిగిలే చోటుంది. ఆ భాగాన్ని యూట్యూబులో సగం స్పీడుకు పెట్టి, ముందు నోటితో స్వరం పాడి, తర్వాతే వేళ్ళకు ఎక్కించండి. నోటికి రాని చోట వేలు కూడా తడబడుతుంది.

---

అనంత_రిథమ్

చాలా థ్యాంక్స్ అన్నా. రికార్డింగు విన్నాము. మూడో దెబ్బ తర్వాత ఉండేవి: ఆక్టాప్యాడ్ టామ్ రోల్, ఢోలక్ కహర్వా తాళం, రెండో కీబోర్డులో స్ట్రింగ్స్ పొడుగ్గా, గిటార్ ఆరు తీగలూ. శుద్ధ దైవతం కూడా స్ట్రింగ్స్‌లో దొరికింది. ఆక్టాప్యాడ్, గిటార్ గురించి కూడా ఎవరన్నా చెప్పండి. గిటార్ అబ్బాయి మామూలుగా మెలొడీ పాటలకు ఆర్పెజియోలు వాయిస్తాడు, ఈ స్ట్రమ్మింగు కొత్త.

---

నల్లమల_తీగ (నంద్యాల రోడ్డు, కర్నూలు)

గిటార్ గురించి. నైల్ రాడ్జర్స్ కుడిచేతి పనిని 'చకింగ్' అంటారు. కుడిచేయి బార్ మొత్తం పదహారు సార్లు కిందికీ పైకీ ఊగుతూనే ఉంటుంది. ఎప్పుడు మోగాలో, ఎప్పుడు 'చిక్' మని మాత్రమే అనాలో నిర్ణయించేది ఎడమచేయి. నొక్కితే కార్డు, కాస్త వదిలి వేళ్ళు తీగలకు ఆనించి ఉంచితే చిక్. చెక్కభజనలో చెక్క మోగని చోట కూడా అడుగు ఆగనట్టే, చేయి ఆగకూడదు.

నేర్చుకునే వరుస ఇట్లా పెట్టుకోమను. మొదట కార్డు లేకుండా, ఎడమచేయి తీగల మీద ఊరికే ఆనించి, 60 మెట్రోనోమ్‌కు పదహారు చిక్‌లు. రెండు నిమిషాలు ఏకధాటిగా, సమానంగా వచ్చేదాకా కార్డు జోలికి పోవద్దు. తర్వాత ఒక్క చోట మాత్రమే కార్డు నొక్కడం, రెండో బీట్ మీద అనుకో. ఆ తర్వాత బీట్‌కు ముందరి పదహారో వంతులో నొక్కడం. అసలు ఊపు అక్కడుంది. అప్పుడు 80, 95, 111. 111 దగ్గర మణికట్టు బిగుసుకుంటే మళ్ళీ 95కు రావాల. బిగుసుకున్న చేత్తో అదేపనిగా చేస్తే బిగువే అలవాటైతుంది.

ఆరు తీగలు వాయించొద్దు. పై మూడు నాలుగు సన్న తీగలే. ఏడో ఫ్రెట్ దగ్గర ఈ-మైనర్ సెవెన్ పట్టి, బొటనవేలుతోనో చూపుడువేలి కొనతోనో లావు తీగలను మ్యూట్ చేయాల. లావు తీగలు మోగినాయంటే బాస్ లైను చోటును గిటార్ తినేసినట్టే. పిక్ సన్నంది, 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు. మందం పిక్ తీగలో ఇరుక్కుంటుంది, చిక్ కాస్తా టక్ అవుతుంది.

డిస్టార్షన్ వద్దు, శుభ్రమైన ధ్వని. స్ట్రాటోకాస్టర్ రకం గిటార్ అయితే మెడ వైపు పికప్, లేదా మెడ-మధ్య రెండూ కలిసే స్థానం. యాంప్ లేకపోయినా దిగులు లేదు, డీఐ బాక్సులోంచి (గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపోయేట్టు మార్చే చిన్న డబ్బా) నేరుగా మిక్సర్‌కు ఇస్తే ఈ పాటకు బాగానే సరిపోతుంది. వాల్యూం ఎంత ఉండాలంటే, గిటార్ ఉన్నట్టు ప్రత్యేకంగా తెలియకూడదు, తీసేస్తే మాత్రం పాట కుంటాల.

ఎండాకాలం ఓపెన్ స్టేజి అయితే ఇంకో మాట. గిటార్‌ను స్టేజి మీదికి కనీసం అరగంట ముందు తెచ్చి నీడలో పెట్టి, అక్కడే ట్యూన్ చేయాల. ఏసీ గదిలో ట్యూన్ చేసి వేడిలోకి తెస్తే తీగలు సాగి శ్రుతి దిగుతుంది. కీబోర్డు మాత్రం దిగదు, కాబట్టి తేడా కొట్టొచ్చినట్టు వినపడుతుంది.

---

పలక_ప్యాడ్ (ధర్మవరం)

ఆక్టాప్యాడ్ అన్నకు చెప్పాల్సింది చిన్నదే, పాటించడమే కష్టం. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) నాలుగు బీట్ల మీద. స్నేర్ (గట్టిగా పలికే చిన్న డ్రమ్) రెండు, నాలుగు. హై-హ్యాట్ (జంట తాళాలు) మూసి పదహారో వంతులు, గట్టి-మెత్తన తేడాతో. ఇంకేం లేదు. పాట మొత్తంలో ఫిల్ (మధ్యలో వేసే రోల్) మూడు నాలుగు చోట్ల చాలు. మనకు ప్రతి నాలుగు బార్లకూ ఒక రోల్ వేయడం సినిమా పాటల నుంచి వచ్చిన అలవాటు. ఇక్కడ రోల్ వేసిన ప్రతిసారీ బాస్ నడక మూసుకుపోతుంది.

కిక్‌కు కాలి పెడల్ తప్పదు. రెండు కర్రలతో కిక్, స్నేర్, హ్యాట్ మూడూ చేయబోతే హ్యాట్ విరుగుతుంది, ఊపు పోతుంది. హ్యాట్ మూసినది రెండు పక్క పక్క ప్యాడ్లకు పెట్టుకుని, ఒకదానికి వాల్యూం పదిహేను శాతం తగ్గిస్తే, చేతులు మార్చి కొట్టేటప్పుడు గట్టి-మెత్తన తేడా దానంతట అదే వస్తుంది. స్నేర్ ప్యాడ్ మీద చప్పట్ల శబ్దాన్ని లేయర్ చేయండి. కిట్‌లో ఉండే హాల్ రివర్బ్ తీసేయండి, 135 మిల్లీసెకన్ల మధ్య దాని తోక పట్టదు.

ఢోలక్ అన్నను పక్కన కూర్చోబెట్టొద్దు. కహర్వా మాత్రం ఆపాల, దాని బరువు పడే చోట్లు వేరు, స్నేర్‌తో కొట్లాడతాయి. గజ్జెలో షేకరో ఇచ్చి పదహారో వంతులు పట్టమనండి, బ్రేకులో రెండు, నాలుగు మీద నిజం చప్పట్లు కొట్టించండి. మైకు ముందు ముగ్గురు కలిసి కొడితే యంత్రం చప్పట్లకన్నా ఎంతో బాగుంటుంది.

రెండు బార్లు కలిపి ఎనిమిది బీట్లు, మన ఆది తాళం ఒక ఆవర్తనం. గాయనులు చేత్తో తాళం వేసుకుంటే ఎక్కడున్నామనేది తప్పదు. అన్నట్టు, గాయనులకు ఒక సూచన. షిక్ పాటల్లో ఆడగొంతులు గమకం లేకుండా, ఒకే స్వరంలో, ఒకే బలంతో పాడతాయి. మనవాళ్ళు శాస్త్రీయం నేర్చుకుని ఉంటే ప్రతి ముగింపు దగ్గర చిన్న ఊపు ఇస్తారు. ఈ పాటలో ఇద్దరి ఊపూ కలవక గజిబిజి అవుతుంది. మాట చివర తెగ్గొట్టినట్టు ఆపాల.

---

సీక్యాంప్_శ్రోత (కర్నూలు)

బురుజు_బాస్ చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు, కానీ కథ 1979లో మొదలు కాలేదు. ఫంక్ సంగీతంలో ఈ ఖాళీని నేర్పింది అమెరికా గాయకుడు జేమ్స్ బ్రౌన్. 1965లో 'పాపాస్ గాట్ ఎ బ్రాండ్ న్యూ బ్యాగ్', 1967లో 'కోల్డ్ స్వెట్'. ఒకటో బీట్‌ను అందరూ కలిసి గట్టిగా పట్టుకోవడం, మిగతా బార్‌లో ఎవరి చిన్న ముక్క వాళ్ళు వాయించి తప్పుకోవడం. కార్డుల ప్రయాణం దాదాపు ఆపేసి, లయనే పాట చేసినాడాయన. షిక్ దానికి డిస్కో కిక్ జోడించింది, మంచి బట్టలు తొడిగింది. మీ బృందం వారం రోజులు 'కోల్డ్ స్వెట్' వింటే 'గుడ్ టైమ్స్' దానంతటదే తేలికైతుంది.

ప్రభావం అనే లెక్కలో చూసినా, 1970 'ఫంకీ డ్రమ్మర్'లో క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ వాయించిన డ్రమ్ బ్రేకు ముందు ఏ బాస్ లైనూ నిలవదని నా అభిప్రాయం. ఎనభైల చివర శాంప్లర్లు వచ్చినాక లెక్కలేనన్ని ర్యాప్ రికార్డుల్లో అదే తిరిగింది. పాట రాసినవాళ్ళలో ఆయన పేరు లేదు కాబట్టి ఆ డబ్బులో ఆయనకు హక్కు రాలేదు. ఎడ్వర్డ్స్, రాడ్జర్స్ మాత్రం 'రాపర్స్ డిలైట్' మీద న్యాయపరంగా పట్టుబట్టి రచయితలుగా తమ పేర్లు ఎక్కించుకున్నారు. బాస్ లైను స్వరరచన కిందికి వస్తుంది, డ్రమ్ కొట్టుడు రాదు అనే అప్పటి పద్ధతి ఒకరిని నిలబెట్టింది, ఒకరిని ముంచింది. ఇది నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం.

మన వైపు ఏం వచ్చిందో కూడా చెప్పుకోవాల. 1980 'కుర్బానీ'లో బిడ్డూ స్వరపరిచిన, నాజియా హసన్ పాడిన 'ఆప్ జైసా కోయీ'తో డిస్కో కిక్ ఇంటింటికీ చేరింది. 1986లో 'సింహాసనం'తో బప్పి లాహిరి తెలుగుకు వచ్చినాడు. కానీ ఆ తరంలో మనకు ఎక్కువగా చేరింది నాలుగు బీట్ల కిక్, సింథ్ మెరుపులు. బాస్‌లో ఖాళీ, గిటార్ చిక్ అంతగా రాలేదు. ఇళయరాజా బాస్ అద్భుతమే, అయితే అది పాట కింద ఇంకో పాట లాగా సాగుతుంది, నిండుగా ఉంటుంది. ఆ పాటలు వాయించి చేయి తిరిగినవాళ్ళకు ఖాళీ కనపడితే నింపాలనిపిస్తుంది. అనంత_రిథమ్ బృందం ఇబ్బంది అక్కడి నుంచే వచ్చిందనుకుంటా.

---

బురుజు_బాస్

జేమ్స్ బ్రౌన్ గురించి నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటా. ఒక్క తేడా. 'ఫంకీ డ్రమ్మర్' బ్రేకు పాటల లోపలికి ముడిసరుకుగా పోయింది. 'గుడ్ టైమ్స్' పద్ధతిగా పోయింది, మనుషులతో పాటు పోయింది. రాడ్జర్స్ 1983లో డేవిడ్ బోవీ 'లెట్స్ డాన్స్' ఆల్బం చేసినాడు. 1984లో మడోనా 'లైక్ ఎ వర్జిన్' చేసినప్పుడు ఎడ్వర్డ్స్, థాంప్సన్ కూడా వాయించినారు, అంటే షిక్ బ్యాండే ఇంకో పేరు కింద. 2013లో డాఫ్ట్ పంక్ 'గెట్ లక్కీ'లో వినపడే ఆ చిక్ చిక్ రాడ్జర్స్ చేయే. ముప్పై నాలుగేళ్ళ తర్వాత అదే మణికట్టు మళ్ళీ ప్రపంచమంతా మోగింది. ఎడ్వర్డ్స్ 1996 ఏప్రిల్‌లో టోక్యోలో కచేరీ అయినాక చనిపోయినాడు, ఇది చూడలేదు.

---

జనరేటర్_అన్న (గుంతకల్లు)

సౌండ్ వైపు నుంచి నాలుగు మాటలు. ఇన్ని జాగ్రత్తలు తీసుకుని మిక్సర్ దగ్గర పాడుచేసుకునేవాళ్ళు ఎక్కువ.

41 హెర్ట్జ్ మామూలు 15 అంగుళాల టాపుల్లో (పైన పెట్టే స్పీకర్లలో) పలకదు. సబ్ ఊఫర్లు లేకపోతే 40 దగ్గర ఎంత పెంచినా కోన్ ఊగుతుంది తప్ప స్వరం రాదు. అప్పుడు 80 నుంచి 90 మధ్య పెంచండి. అది అదే స్వరం పై ఆక్టేవ్, చెవి దాన్నిబట్టి కింది స్వరాన్ని ఊహించుకుంటుంది. 700 నుంచి 900 మధ్య రెండు మూడు డెసిబెల్స్ ఇస్తే నడక స్వరాలు విడివిడిగా వినపడతాయి. బాస్‌కు కంప్రెసర్ ఉంటే నిష్పత్తి 4:1, అటాక్ 20 నుంచి 30 మిల్లీసెకన్లు, రిలీజ్ 120 లోపు. రిలీజ్ అంతకన్నా పొడుగైతే ఒక పదహారో వంతు స్వరం నొక్కుడు వచ్చే స్వరం మీద పడుతుంది.

కిక్‌కు 60-70 దగ్గర కొంచెం పెంచి, 300 చుట్టూ బాగా కోయండి. గిటార్‌కు 150 కింద, కీబోర్డు కార్డులకు 150-200 కింద హైపాస్ పెట్టి మొత్తం తీసేయండి. గాయనుల మైకులకు 120. కింది అంతస్తులో బాస్, కిక్ ఇద్దరే ఉండాల.

ఆక్టాప్యాడ్‌కు స్టేజి మీద సొంత శబ్దం ఉండదు. మానిటర్లో కిక్, స్నేర్ గట్టిగా ఇవ్వకపోతే మిగతావాళ్ళు ఎదుటి గోడ నుంచి తిరిగొచ్చే శబ్దాన్ని పట్టుకుని వాయిస్తారు. కాలేజీ గ్రౌండులో స్పీకర్లకు ఎదురుగా 23, 24 మీటర్ల దూరంలో బిల్డింగు ఉందనుకోండి. శబ్దం పోయి రావడానికి 135 మిల్లీసెకన్లు పడుతుంది, సరిగ్గా ఒక పదహారో వంతు ఆలస్యం. ఈ పాటకు అంతకన్నా చెడ్డ దూరం లేదు. టాపులను కాస్త కిందికి వంచి జనం మీదికి తిప్పండి, గోడ మీదికి కాదు.

జనరేటర్ మీద సింగిల్ కాయిల్ (స్ట్రాటోకాస్టర్ రకం) గిటార్ 'గుయ్' మంటుంది. గిటార్ అబ్బాయిని లైట్ల డిమ్మర్లకు, ఎల్ఈడీ పవర్ సప్లైలకు దూరంగా నిలబెట్టండి, పక్కకు తిరిగితే ఎక్కడ తగ్గుతుందో చూసుకుని అక్కడ టేపు గుర్తు వేయండి. హమ్ పోవాలని కొందరు ప్లగ్ ఎర్త్ పిన్ను తీసేస్తారు. ఎట్టి పరిస్థితిలోనూ చేయొద్దు, గిటార్ తీగ పట్టుకుని మైకుకు మూతి ఆనించినోని ప్రాణం మీదికి వస్తుంది. డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంటుంది, దాన్ని వాడండి.

---

అనంత_రిథమ్

ఇవన్నీ ప్రింటు తీసి రిహార్సల్ గదిలో అంటించినాము. స్ట్రింగ్స్, టామ్ రోల్స్ తీసేయగానే సగం బరువు దిగింది. చివరిగా రెండు. ర్యాప్ కుర్రోళ్ళు రాసుకొచ్చిన లైన్లు బార్‌లో పట్టడం లేదు, ఆయాసపడుతున్నారు. తర్వాత వీడియో యూట్యూబులో పెడ్తే ఏమన్నా ఇబ్బందా?

---

సీక్యాంప్_శ్రోత

వీడియో సంగతి ముందు. పాట హక్కులు రచయితలవి, మీరు సొంతంగా వాయించినా స్వరరచన వాళ్ళదే. యూట్యూబులో కంటెంట్ ఐడీ (హక్కులున్న పాటలను గుర్తుపట్టే ఏర్పాటు) పట్టుకుంటే ప్రకటనల డబ్బు హక్కుదారుకు పోవచ్చు, లేదా వీడియో ఆగిపోవచ్చు. స్టేజి ప్రదర్శనకు లైసెన్సు ఐపీఆర్ఎస్ (పాటల రచయితల, స్వరకర్తల హక్కులు చూసే సంస్థ) నుంచి కార్యక్రమం పెట్టేవాళ్ళు తీసుకోవాల, కాలేజీ వాళ్ళను ముందే అడగండి. పెళ్ళిళ్ళకు కాపీరైట్ చట్టం సెక్షన్ 52లో మినహాయింపు ఉంది, మనవాళ్ళు దాన్నే అన్నిచోట్లా ఉందనుకుంటారు. ఫెస్ట్ పెళ్ళి కాదు.

---

కడప_కట్టలు

ర్యాప్‌కు మన మాత్రల లెక్కే వాడండి. ఒక బార్ నాలుగు బీట్లు, చతురశ్ర గతిలో పదహారు మాత్రలు. లఘువు ఒకటి, గురువు రెండు. 'రాయలసీమ' ఏడు మాత్రలు, 'అనంతపురం' ఏడు, 'కర్నూలు' ఐదు, 'కడప' మూడు. 111 స్పీడులో సెకనుకు ఏడుకు పైగా మాత్రలు పోతాయి. పదహారూ నింపితే ఎంత గట్టి గొంతైనా నాలుగు బార్లలో ఊపిరి అయిపోతుంది. లైనుకు పన్నెండు మాత్రలు రాసి, నాలుగో బీట్ వదిలేయమనండి. గాలి పీల్చుకోవడానికి చోటు దొరుకుతుంది, ఆ చోట్లో బాస్ వినపడుతుంది.

ప్రాస లైను చివర మూడో బీట్ మీద పడేటట్టు చూసుకోమనండి, అక్కడ బాస్ మూడో దెబ్బ ఉంటుంది కాబట్టి మాట నేల మీద ఆనుతుంది. మన యతి కూడా పనికొస్తుంది, లైను మొదటి అక్షరానికి మూడో బీట్ అక్షరాన్ని కలపొచ్చు.

బ్రేకు కొలత ఇట్లా పెట్టండి. ముందు ఎనిమిది బార్లు బాస్, కిక్, చప్పట్లు మాత్రమే. ఇక్కడ ఎవ్వరూ తొందరపడొద్దు, 17 సెకన్లే. తర్వాత మొదటి కుర్రోడికి పదహారు బార్లు, అంటే సుమారు 35 సెకన్లు, కీబోర్డు లేకుండా. రెండోవాడికి ఇంకో పదహారు, అప్పుడు గిటార్ చిక్ లోపలికి రావాల. ఆ తర్వాత నాలుగు బార్లు మాట లేకుండా కీబోర్డు కార్డులు చేరతాయి. నాలుగో బార్ చివరి బీట్ మీద ఆక్టాప్యాడ్ అన్న హ్యాట్ తెరిచి కొడితే అది గాయనులకు సైగ, వచ్చే ఒకటో బీట్ మీద పల్లవి. ఇంకే సైగా వద్దు, చేతులు ఊపడం, 'వన్ టూ' అనడం వద్దు, అవి మైకుల్లో వినపడతాయి.